చంద్రుడి మీద ఫిరంగి గుంటలు

చంద్రుడి మీద ఉన్న గుంటలన్నీ మన ఫిరంగి గుండ్లు తగిలి పడినవేనని వేలూరులో, నిండు సభలో, మైకు పట్టుకుని బల్లగుద్ది చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ రోజు నా పరువు ఎట్లా గంగలో కలిసిందో, కలిసినట్టే కలిసి పూలదండ వేసుకుని ఎట్లా పైకి తేలిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు నవ్వినవాళ్ళ ముందు మీరెంత!

గుడియాత్తంలో మాది లుంగీల కొట్టు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. తెలుగు అక్షరాలు మా నాయనకు రానే రావు, నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆ కాలంలో మా వైపు ప్రతి వీధికీ ఒక పార్టీ జెండా, ఆ జెండా కింద ఒక పడిప్పగం ఉండేది. పడిప్పగమంటే పేపర్లూ పుస్తకాలూ పెట్టిన చిన్న గది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు పని ముగించుకుని నేరుగా అక్కడికే వచ్చేవాళ్ళు. చదివి ఊరుకుంటారా, గొంతులు పోయేదాకా వాదించుకునేవాళ్ళు. కొట్లో కూర్చోవాల్సిన నేను ఆ గదిలో బెంచీకి అతుక్కుపోయేవాడిని.

"చదివి చదివి ఏం పొడిచినావురా?" అనేవాడు నాయన. "లుంగీ మడత పెట్టడం రాదు, లోకం సంగతులు మాత్రం అన్నీ కావాల!"

నాకేమో వేలూరు కాలేజీలో చేరాలని ఒకటే ఆశ. ఆ మాటెత్తితే నాయన కొట్టు తాళాలు తీసి నా ముందు పెట్టేవాడు. అట్లాంటి రోజుల్లో వేలూరులో పుస్తకాల మీద పట్టిమన్రం పెట్టారు. రెండు జట్లు వేదికెక్కి వాదిస్తాయి, మధ్యలో కూర్చున్న నడువర్ తీర్పు చెబుతాడు. మా వైపు జనానికి సినిమా తర్వాత సినిమా అంతటిది అది. ఆ రోజు విషయం: మనిషి మనసును కదిలించేది యుద్ధ చరిత్రా, సైన్సు నవలా?

వేలూరు చుట్టుపక్కల ఇంటికొక మిలిటరీ మనిషి ఉంటాడు కాబట్టి యుద్ధ చరిత్రలకు పెద్ద బలగం. టీచర్లు, కాలేజీ పిల్లలు సైన్సు నవలల పక్షం. వీళ్ళ పుస్తకం వాళ్ళు ముట్టరు, వాళ్ళ పుస్తకం వీళ్ళు ముట్టరు. ఒక్కొక్కరూ ఒక పాత గొప్ప పుస్తకం గురించి తమ అభిప్రాయం చెప్పాలి. నేను యుద్ధం వైపు పేరిచ్చాను.

"సరే," అన్నాడు నాయన. "మెడలో దండ పడితే కాలేజీలో చేరు. పడకపోతే రేపట్నుంచి కొట్టు. మళ్ళా కాలేజీ మాట ఎత్తగూడదు. నేనూ వస్తా, నా కండ్లతో చూస్తా."

ఒక చిన్న ఇబ్బంది. నేను అంతవరకూ ఒక్క యుద్ధ చరిత్రా చదివి ఎరగను. అందుకని మా రాజమ్మత్త దగ్గరికి పరుగెత్తాను. నాయన చెల్లెలు ఆమె. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చే గొప్ప పుస్తకాల పుటలు చించి, దాచి, బైండు చేయించేది. ఆ పత్రికలో ఒకే వారం ఒకటికి మించి కథలు నడిచేవి. అత్త వాటిని విడదీయకుండా వారాల వరసలో కుట్టించేసింది. బైండరు అంచులు ఎంత ఉత్సాహంగా కోశాడంటే, పైనున్న కథల పేర్లు కూడా ఎగిరిపోయాయి. ఈ సంగతులేవీ నాకప్పుడు తెలియవు. "యుద్ధం ఉండాది, తీసుకోనిపో," అంది అత్త. నేను తీసుకునిపోయాను.

అబ్బబ్బ, ఏం పుస్తకమండీ! ఒక భాగంలో కోట ముట్టడి. పుట తిప్పితే చంద్రుడి మీద మనుషులు. మళ్ళీ తిప్పితే కోట. ఈ రచయిత మామూలోడు కాదనుకున్నాను. ఒకే ఒక్క అనుమానం పీడించింది. బురుజు మీద కాలికి గుండు తగిలి పడిపోయిన దళపతి చంద్రుడి మీద ఎట్లా గెంతుతున్నాడు? పునర్జన్మ అందామా అంటే, మా పడిప్పగంవాళ్ళు పరమ హేతువాదులు, ఆ మాట వింటే మైకు లాక్కుంటారు. బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చాను: ఇది సైన్సు! చంద్రుడి మీదికి పంపి బతికించారు. కాలు దెబ్బతింది కాబట్టే గెంతుతున్నాడు. ఇంత తెలివైన కుర్రవాడు జిల్లాలో ఇంకొకడు లేడనుకుంటూ ఆ రాత్రి నిద్రపోయాను.

సభ రోజు హాలు కిటకిటలాడింది. నాయన చివరి వరసలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. తలైవర్ అవర్గళే, అంటే అధ్యక్షులవారూ, అని మొదలుపెట్టి మైకు సెట్టువాడి దాకా ఒక్కొక్కరికీ వందనాలు చెప్పేసరికి నా సమయం సగం అయిపోయింది. మిగతా సగంలో విజృంభించాను. మాట్లాడింది తమిళమే, మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"కోటలో తిండి లేదు, నీళ్ళు లేవు! దళపతి బురుజెక్కి చంద్రుణ్ణి చూశాడు. చూసి ఊరుకున్నాడా? ఫిరంగి ఎక్కుపెట్టాడు! ఆ గుంటలు ఈ రోజుకీ చంద్రుడి మీద ఉన్నాయి! ఆ గుంటల మధ్యే తర్వాత దళపతి గెంతాడు!"

ముందు వరసలో ఒక మిలిటరీ మీసం లేచి నిలబడింది. రిటైరైన సుబేదారు మునిరత్నం నాయుడు. కోపమొస్తే మావాళ్ళు తమిళం వదిలి తెలుగులోకి దిగుతారు.

"నిలుపప్పా! ఆ పుస్తకం నేను కంఠతా పెట్టినా. దాంట్లో చంద్రుడు యాడ ఉండాడు?"

నేను నోరు తెరిచేలోపే అవతలి జట్టు నుంచి తిలకవతి టీచరు లేచింది. "చంద్రుడు ఉండాడు సార్, నిజమే. ఫిరంగే లేదు. అది మా సైన్సు నవల!"

"మీ నవలా? మరి మా కోట?"

"మీ కోటను ఈ పిల్లోడు చంద్రుడి మీదికి మోసుకోనిపోయినాడు!"

హాలు హాలంతా పడిపడి నవ్వింది.  అత్త, సీరియళ్ళు, బైండరు కత్తి అన్నీ ఒక్కసారిగా నా బుర్రలో వెలిగాయి. చివరి వరసలో నాయన లేచి తువ్వాలు దులుపుకుంటున్నాడు. ఆ దులపడంలోనే లుంగీలు, కొలబద్ద, నా మిగిలిన జీవితమంతా కనిపించింది. ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, చివరికని దాచుకున్న మంగళమ్మ ఘట్టం ఎత్తుకున్నాను.

దళపతి భార్య మంగళమ్మ. మొగుడు రాలేదు, కబురు లేదు. ప్రతి సాయంత్రం అతని కోసం ఆకు వేస్తుంది, అన్నం పెడుతుంది, పక్కన కూర్చుంటుంది. అన్నం చల్లారిపోతుంది. మళ్ళీ మరునాడు ఆకు వేస్తుంది.

నవ్వులు ఆగిపోయాయి. సుబేదారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను బార్డర్లో ఉండంగా మాయమ్మ ఇట్లనే కూచునేదంట," అన్నాడు. "టీచరమ్మా, మీ చంద్రుడి పుస్తకంలో ఇంత మనసుండే మాట ఉంటాదని నాకు తెల్దు. ఇస్తే చదువుతా."

"లేదు సార్, ఆమె మీ యుద్ధం పుస్తకంలోదే," అంది టీచరు కళ్ళొత్తుకుంటూ. "యుద్ధమంటే నరుక్కోడమే అనుకోనుంటి. నాకూ ఒకటి ఇయ్యండి."

ఆ సందు నేను వదులుతానా? సుబేదారు కాదనేలోపే మైకు గట్టిగా పట్టుకున్నాను. "పెద్దలారా! రెండు పుస్తకాల్ని కావాలనే కలిపాను! విడిగా చెబితే మీలో సగం మంది చెవులు మూసుకుంటారు కదా!"

నడువర్‌గా కూర్చున్న పులవరు, అంటే తమిళ పండితుడు, తీర్పుకు లేచాడు. "ఇన్నేళ్ళలో యుద్ధంవాళ్ళు సైన్సు పుస్తకం అడగడం, సైన్సువాళ్ళు యుద్ధం పుస్తకం అడగడం ఈ రోజే చూస్తున్నాను. ఎవరు గెలిచారో వేరే చెప్పాలా?" అని తన మెడలో దండ తీసి నా మెడలో వేశాడు. చప్పట్లు వేలూరు కోట దాకా వినిపించి ఉంటాయి. నాయన మళ్ళీ కూర్చున్నాడు. ఆయనా చప్పట్లు కొడుతున్నాడు! నాకు ఆనందంతో కాళ్ళు నేల మీద ఆనలేదు.

గుడియాత్తం బస్సులో నాయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఒరే, ఆ మంగళమ్మ మొగుడు తిరిగొచ్చినాడా?"

"కాలేజీలో చేరినాక చెప్తా నాయనా."

"చేరుదువులేరా, ముందు చెప్పు!"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి! అత్తను అడుగుదామని ఇంటికి రాగానే ఇద్దరం ఆమె ముందు నిలబడ్డాం. అంతా విని రాజమ్మత్త పొట్ట పట్టుకుని నవ్వింది.

"మంగళమ్మా? ఆమె కోటలోనూ లేదు, చంద్రుడి మీదా లేదు. అది మూడో సీరియల్ రా, సంసారం కథ! ఆమె మొగుడు జోలార్పేటలో రైలు గార్డు. డ్యూటీ దిగి పేకాట్లో కూచుండిపోతాడు, అంతే!"

సుబేదారు చంద్రుడి నవల మొత్తం, టీచరు యుద్ధ చరిత్ర మొత్తం మంగళమ్మ కోసం గాలించారట. దొరకలేదు కానీ ఇద్దరికీ రెండో పక్షం పుస్తకాల పిచ్చి పట్టుకుంది. నేను కాలేజీలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఎదురైతే సందులోకి తప్పుకునేవాడిని.

కాబట్టి పాఠక మహాశయులారా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ పుస్తకం గురించైనా సరే, దాని లోపల మొత్తం ఎన్ని పుస్తకాలున్నాయో మా అత్తను అడిగి తెలుసుకోకుండా నోరు మెదపను. తప్పనిసరై మెదపాల్సి వస్తే, దండ మెడలో పడేదాకా మంగళమ్మ మొగుడు పేకాడుతున్నాడని మాత్రం చచ్చినా చెప్పను.