రుద్రంగి గుట్టల్లో భుజం పట్టిన రాత్రి

ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరైనా నవ్వితే లేచి వెళ్లిపోతాను. ఇప్పటికే నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో వాదించీ వాదించీ నా నోరు పడిపోయింది. దయ్యాల కథలు చెప్పే అలవాటు నాకు లేదు. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. నా పిల్లల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను... ఇంకేం చెయ్యమంటారు?

తెలంగాణ ఉద్యమం రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. పెట్రోలు బంకులకు అడ్డంగా తాళ్లు కట్టేశారు. ఆ సాయంత్రం కోరుట్లలో మా ఇంటికి ఫోన్ వచ్చింది. సిరిసిల్లలో మా మామూ పోయాడని. మామూ అంటే మా అమ్మ తమ్ముడు. మా నాన్న పోయాక నన్ను తన మరమగ్గాల షెడ్డు పక్కగదిలో పెట్టుకుని చదివించింది ఆయనే. పొద్దున ఫజర్ నమాజు కాగానే మట్టి చేస్తారట. మాలో ఎక్కువసేపు ఉంచరు. అయినవాళ్లు జనాజాకు, అంటే పాడెకు, భుజం పట్టాలి, గోరీలో పిడికెడు మట్టి వెయ్యాలి. మామూకు కొడుకుల్లేరు. నేను వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?

ఇంట్లో మోటారు సైకిల్ ఉంది. అందులో చుక్క పెట్రోలు లేదు. ఉద్యమం మీద నాకేం కోపం లేదు, నేనూ జెండా పట్టుకుని రోడ్డు మీద కూచున్నవాడినే. కానీ ఆ ఒక్కపూట... ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

అప్పుడు దిగాడు మా బామ్మర్ది ఖాజా. వాడికో పిచ్చి ఉంది. హైదరాబాదు నుంచి లావు టైర్ల గేర్ సైకిల్ తెచ్చుకుని, ఆదివారం వస్తే గుట్టల్లో, కంకర దారుల్లో తొక్కుతాడు. ఎందుకు తొక్కుతాడో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

"భాయ్, సైకిళ్ల మీద పోదాం. రోడ్డు మీద చెట్లు నరికి అడ్డమేసిండ్రు. కథలాపూర్ దాటినంక గుట్టల్లకెళ్లి కంకర తొవ్వ ఉన్నది. రుద్రంగిల తేల్తం. నాకు ఎరుకే" అన్నాడు.

"నీకు ఎరుకేనా, పోయినంక ఎరుకైతదా?"

"నువ్వు ఊకె గట్లనే అంటవ్."

వాడికి వాడి గేర్ సైకిల్. నాకు పక్కింటి పాలాయన సైకిల్. ఇనుప స్టాండు, ఒకవైపు బ్రేకు లేదు, క్యాన్లు తగిలించే కొక్కేలు మోకాళ్లకు తగులుతాయి. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే బయలుదేరాం.

కథలాపూర్ దాటాక కుడివైపు అడవిలోకి తిరిగాం. ఎవరో రోడ్డు వేస్తామని కంకర పోసి మరిచిపోయిన దారి అది. చక్రం కింద రాయి జారుతుంది, హ్యాండిల్ ఒకవైపు లాగుతుంది, మనిషి ఇంకోవైపు పడతాడు. నేను పడ్డాను. రెండుసార్లు. వాడు ముందు నుంచి పాఠాలు చెబుతున్నాడు.

"ఎక్కేటప్పుడు గేర్ తగ్గించాలె భాయ్!"

"నా సైకిల్‌కు గేరేడున్నదిరా!"

"అయితే దిగి నడువు."

వాడిని అక్కడే తన్నాలనిపించింది. ఫజర్ కల్లా చేరాలన్న ఒక్క ఆలోచన నన్ను ఆపింది. మామూ ముఖం చూడాలి. అంతే.

గుట్ట ఎక్కేసరికి అర్ధరాత్రి కావొచ్చింది, చలి మొదలైంది. చుట్టూ టేకు చెట్లు. కింద ఎండుటాకులు. గాలి లేదు... అయినా ఎక్కడో ఒక ఆకు కదిలిన చప్పుడు. ఖాజా సైకిల్‌కున్న లైటు కంకర మీద తెల్లగా పడుతోంది. వాడు మాట్లాడడం మానేశాడు. అది మొదటి వింత, ఎందుకంటే వాడు నిద్రలో కూడా మాట్లాడతాడు.

అవతలివైపు దిగుతున్నాం. వాడు ఆగాడు. నేను వెళ్లి వాడి వెనక చక్రానికి గుద్దాను.

"ఏమైందిరా?"

వాడు చెయ్యి చాపాడు.

ముందు... దారి మీద... మనుషులు. ఆరేడుగురు ఉంటారు. దీపం లేదు. భుజాల మీద ఏదో పొడుగ్గా ఉంది. మీద తెల్లటి గుడ్డ. మెల్లగా దిగుతున్నారు.

జనాజా.

"మనోళ్లేనా?" అన్నాడు ఖాజా, గొంతు తగ్గించి.

"ఎవలైతేంది" అన్నాను.

ఇది మీకు చెప్పాలి, లేకపోతే మీరు మమ్మల్ని వెర్రివాళ్లనుకుంటారు. జనాజా ఎదురైతే ఊరికే చూస్తూ నిలబడకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. తెలిసినవాడైనా కాకపోయినా వెళ్లి కొన్ని అడుగులైనా మొయ్యాలి. కొత్తవాడు రాగానే మోస్తున్నవాడు పక్కకు జరిగి చోటిస్తాడు. మాటలక్కర్లేదు. ఆ సమయంలో, ఆ అడవిలో ఎవరు మోస్తారు, ఎక్కడికి మోస్తారు అని ఆలోచించాల్సింది. మేం ఆలోచించలేదు. సైకిళ్లు దారి పక్కన పడుకోబెట్టి, చెప్పులు సర్దుకుని వెళ్లిపోయాం. ఖాజా ముందువైపు పట్టాడు. నేను వెనకవైపు. నా చోట ఉన్నాయన జరిగి డోలా కర్ర నా భుజం మీదికి వదిలాడు. ముఖం కనబడలేదు.

బరువు... నా మోకాళ్లు వంగాయి. అంత బరువు.

జనాజా మోసేటప్పుడు అందరూ కలిమా చదువుతారు, ఇక్కడ ఎవరూ చదవడం లేదు. ముందు నుంచి ఖాజా గొంతు ఒక్కటే సన్నగా వినిపిస్తోంది. సరే, అలిసిపోయారేమో అనుకున్నాను. నడుస్తున్నాం. కంకర కరకరమంటోంది. కర... కర... కర... కర...

ఎందుకో చెవి దాని మీద పడింది.

నా అడుగు. ఖాజా అడుగు. నా అడుగు. ఖాజా అడుగు.

ఇంకేం లేదు.

ఆరేడుగురు మనుషులు నడుస్తున్నారు... వదులు కంకర మీద... మా ఇద్దరి అడుగులే చప్పుడు చేస్తున్నాయి. నేను కావాలని ఒక అడుగు ఆపాను. ఖాజా చప్పుడు ఒక్కటే వచ్చింది. నా పక్కనే ఒక మనిషి నడుస్తున్నాడు. ఆయన భుజం నా భుజానికి తగులుతోంది. కింద చప్పుడు లేదు.

పక్కకు చూడలేదు. చూడలేకపోయాను. కర్ర భుజంలోకి దిగిపోతోంది. వదిలేసి పరుగెత్తుదామా అంటే... జనాజాను ఎట్లా వదిలేస్తాం? భయంలో కూడా అదే అడ్డొచ్చింది చూడండి, నా మీద నాకే చిరాకు.

అంతలో వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది. మెల్లగా. నీ వంతు అయిందన్నట్టు. నేను పక్కకు జరిగాను. ఖాజా కూడా జరిగాడు. వాళ్లు దారి దిగి ఎడమవైపు చెట్లలోకి వెళ్లారు. తెల్లగుడ్డ కాసేపు కనిపించింది. తర్వాత కనిపించలేదు. అంత ఎండుటాకు ఉంది కదా అక్కడ... ఒక్క ఆకూ నలగలేదు.

ఖాజా నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం వెనక్కి తిరిగి నడిచాం. మేం మోసింది కొన్ని అడుగులే. ఆ మాట మీద ఇద్దరికీ గొడవ లేదు. కానీ సైకిళ్లు ఎంతకీ రావు. నడిచాం, నడిచాం. ఒక మలుపు, ఇంకో మలుపు. ఎవరో ఎత్తుకుపోయారని ఆ భయంలోనూ తిట్టుకున్నాను. చివరికి సైకిళ్లు కనబడేసరికి చెమటకు చొక్కా తడిసిపోయింది, తూర్పున వెలుగు గీత పడుతోంది.

ఎంత తొక్కినా లాభం లేకపోయింది. వేములవాడ దాటేసరికే ఎండ ఎక్కింది. సిరిసిల్లలో మామూ ఇంటికి వెళితే జనం ఖబ్రస్తాన్ నుంచి తిరిగొస్తున్నారు. అయిపోయింది. ఆయన ముఖం లేదు, పిడికెడు మట్టీ లేదు.

ముమానీ, అంటే మామూ భార్య, పరదా అవతల కూచుని ఉంది. "గింత ఆలిస్యమా కొడుకా" అంది. కోపంగా కాదు. అందుకే తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

పరదా వెనక ఆమె దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"ఆయననే" అంది. "నువ్వు రాకపోతివని ఆయననే ఎదురొచ్చిండు."

మామూ మంచివాడే, కానీ కోపిష్టి. వాడకట్టులో సగంమందితో మాటల్లేవు. ఎవరినీ తప్పు మాఫీ చెయ్యమని అడగకుండా, మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. అందరి మాఫీ తీసుకుని పోయినవాడి జనాజా తేలికగా ఉంటుందని మా ఇళ్లలో ఆడవాళ్లు నమ్ముతారు.

"మోసినప్పుడు ఎట్లుండె? బరువుండెనా... అల్కగుండెనా?" అని అడిగింది ముమానీ.

నేను నోరు తెరిచేలోపే ఖాజా అన్నాడు, "అల్కగుండె ముమానీ. మొయ్యనట్టే ఉండె."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఆయన పోయినప్పటి నుంచీ ఏడవలేదట. పక్కనున్న ఆడవాళ్లు అల్లాకు షుకర్ చెప్పారు.

బయటికి వచ్చాక వాడి భుజం తట్టాను. "మంచి పని చేసినవ్. అబద్ధమైనా ఆమెకు నిమ్మళమైంది."

వాడు నావైపు వింతగా చూశాడు. "అబద్ధమేంది భాయ్? అల్కగనే ఉండె గదా. నీకు బరువైందా?"

ఒకటే డోలా. ముందు వాడు, వెనక నేను. దిగుడులో బరువు ముందువాడి మీదే పడాలి కదా? ఈ ముక్క మీద ఇన్నేళ్లుగా పోట్లాడుకుంటున్నాం. ఎవరో పల్లెవాళ్లు, బంద్‌లో బండి దొరక్క ఆసుపత్రి నుంచి శవాన్ని మోసుకుపోతున్నారని చాలామంది అంటారు. చెప్పుల్లేని కాళ్లకు చప్పుడు రాదంటారు. కంకర మీద నడిచి చూడమనండి.

ఆ పల్లెవాళ్ల మాటే నిజమైతే బాగుండునని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. అది మామూ అనుకుంటే అంత బరువుతో పోయాడని ఒప్పుకోవాలి. మామూ కాదనుకుంటే, మామూకు నేను భుజం పట్టనే లేదు.