నాటకానికి పోయేముందు నేర్చిన ఇంగ్లీషు

మా ఇంటాయన నాకు ఇంగ్లీషు నేర్పించినాడంటే ఇప్పటి పిల్లోళ్ళు నమ్మరు. నేర్పించినాడబ్బా. అయితే ఎంత? ఒక్క నాటకానికి పోయి రావడానికి ఎంత కావల్లో అంత. దానికే నా ప్రాణం తోడేసినాడు.

అప్పుడు మేము హిందూపురంలో ఉంటిమి. యాభైల నడుమ మాట, పెండ్లైన కొత్త. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. పెనుకొండలో ఉండే పెద్దాఫీసరూ, ఆయన స్నేహితులూ వాళ్ళ క్లబ్బులో ఇంగ్లీషు నాటకం వేయిస్తాండారని, ఆఫీసోళ్ళంతా పెండ్లాలను పిలుచుకొని రావల్లని కబురొచ్చింది. ఆడ ఇంగ్లీషులోనే పలకరించుకుంటారంట. ఆ మాట ఇంటికి తెచ్చిన సందకాడ ఆయన మొహం జ్వరమొచ్చినోని మాదిరి ఉండాది.

నాకు మాత్రం కాళ్ళు భూమ్మీద ఆనలేదు. ఎందుకంటే పుట్టినప్పటినుంచి నేను ఒక్క నాటకమన్నా చూసినదాన్ని కాదు.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఊర్లో నాటకమాడితే నాయన, చిన్నాయన, వీధిలో మగోళ్ళంతా పోయేవాళ్ళు. వేరే ఇండ్ల ఆడోళ్ళు కూడా చాపలు చంకన పెట్టుకొని పోతాండ్రి. మా అవ్వ మాత్రం మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. మగోళ్ళ నడుమ తెల్లార్లూ కూర్చునేంత కరువేమొచ్చింది మనకు అనేది. నేను మిద్దెక్కి కూర్చుంటే గాలివాటుకు పద్యం వినపడేది, హార్మోనియం వినపడేది, ఆ వెనకే జనం 'వన్స్‌మోర్, వన్స్‌మోర్' అని అరిచేది వినపడేది. నాకొచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదే. తెల్లారినాక నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే, పక్కన చేరి, రాజు ఏమాయ, రాణి ఎందుకేడ్చె అని పీక్కుతినేదాన్ని. నిద్ర కండ్లతోనే చెప్పేవాడు పాపం. ఒకసారి, చచ్చిపోయిన రాజు జనం వన్స్‌మోర్ అంటే లేచి నిలబడి అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడి చచ్చినాడని చెప్తే, నేను చూడలేదే అని బోరుమని ఏడ్చినాను. అంత ఆశ నాకు. నేలమీదనన్నా కూర్చోని, ఒక్క నాటకం నా కండ్లతో చూడల్ల, కథంతా ఇంకొకరిని అడక్కుండా తెలుసుకోవల్ల.

అందుకే, ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటేనే పిలుచుకుపోతానని ఆయన అంటే, ఊ అంటి.

పొద్దున్నే నేను సంగటి కెలుకుతాంటే ఆయన పీట వేసుకొని మొదలుపెట్టేవాడు. తెరను కర్టెన్ అనల్ల. చూసేవాళ్ళు ఆడియన్స్. ముందర వరస ఫ్రంట్ రో. నడుమ ఆపేది ఇంటర్వెల్. చప్పట్లు అప్లాజ్. ఇవన్నీ ఎట్లనో నోటికొచ్చినాయి. 'పర్ఫార్మెన్స్' మాత్రం చచ్చినా పలకలా. నేను నోరు తెరిస్తే చాలు, ఆయన నొసలు కొట్టుకునేవాడు. ఎనిమిదో తరగతి దాకా ఏం ఎలగబెట్టినావు అనేవాడు. సంగటి కట్టె ఆయన చేతికిచ్చి, మీరు దీన్ని తిప్పండి, నేను నాలుక తిప్పుతా అందామనిపించేది. అనలేదు. నాటకం చూడల్ల గదా.

బిందె తోమేటప్పుడూ కర్టెన్, కసువు ఊడ్చేటప్పుడూ కర్టెన్. పక్కింటి కన్నడామె గోడ మీదినుంచి చూసి, ఈ పిల్లకు ఏదో సోకిందని వాళ్ళ అత్తతో చెప్పిందంట. సోకినట్లే ఉండాది నా బతుకు.

ఒకరోజు, మరి వన్స్‌మోర్ ఎప్పుడనల్ల అని అడిగితి. ముందే తెలిసిన మాట ఒకటన్నా ఉండాదే అని సంతోషంగా అడిగితి. ఆయన అదిరిపడినాడు. ఆడ ఎవరూ అరవరంట. నేను ఆ మాటెత్తితే ఆయన పరువు పెనుకొండ కొండెక్కుతాదంట. నాటకం బాగుంటే మరేం చెయ్యల్ల అంటే, అరచేతులు తాకీ తాకనట్ల చప్పట్లు కొట్టి చూపించినాడు. దోమను కొట్టినా అంతకంటే గట్టిగా కొడతారు.

కథేందో చెప్పండి అని మాత్రం ఎన్నిసార్లడిగినానో. కథ నీకెందుకు, ముందు మాటలు సరిగ్గా పలుకు అనేవాడు. నాకు తిక్క రేగేది. నాటకానికి పోయేది తెరను చూసేదానికా, కథను చూసేదానికా?

నాటకం పొద్దు పెండ్లి పట్టుచీర కట్టుకొని రైలెక్కితి. రైల్లో మళ్ళీ అన్నీ అప్పజెప్పమన్నాడు. ఎదురుగా కంబడి కప్పుకొని కూర్చున్న ముసలాయన నా నోటి దిక్కే చూస్తాంటే సిగ్గుతో చచ్చిపోతి. అయినా అప్పజెప్పితి, ఒక్కటీ తప్పలేదు. తీరా క్లబ్బు మెట్లెక్కేటప్పుడు ఆయన నా చెవి దగ్గరికొచ్చి, ఏమీ మాట్లాడొద్దులే, ఎవరన్నా పలకరిస్తే నవ్వు, చాలు అన్నాడు. చూడండి ఎట్లుంటాదో! అన్నాళ్ళు నన్ను అరగదీసి, గడపలో నిలబెట్టి నోరు మూసుకోమంటాడు. ఆడనే తిరిగి స్టేషనుకు పోదామన్నంత కోపమొచ్చింది. లోపల తెర కనపడింది. కోపం మింగి లోపలికి పోతి.

మాకు పెద్దాఫీసరు వెనక వరసలో కుర్చీలు. తెర లేచింది. ఒక గది, బల్ల, టీ కప్పులు. ఒకాయన, ఒకామె ఏందేందో మాట్లాడుకున్నారు. గబగబా, ఆపకుండా. నేను చెవులు రిక్కించి కూర్చుంటి. నేను నేర్చిన మాట ఒక్కటీ రాలేదు. ఎందుకొస్తాది? వాళ్ళు తెర గురించి మాట్లాడుకుంటారా, కుర్చీ గురించి మాట్లాడుకుంటారా? వాళ్ళ కష్టమేదో వాళ్ళు మాట్లాడుకుంటాండారు. నా దగ్గరుండేవి హాలుకు పనికొచ్చే మాటలు. లోపలి కథకు ఒక్క మాటా లేదు.

అంతలో స్టేజి మీది ఆయన విసురుగా పోయినాడు. ఆమె కుర్చీలో కూలబడి మొహానికి చేతులడ్డం పెట్టుకొని ఏడ్చింది. భుజాలు ఎగిరెగిరి పడతాండాయి. కథ తెలీకపోయినా నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. సరిగ్గా అప్పుడు ముందర వరస పకపకా నవ్వింది. వెనక అందరూ నవ్వినారు. మా ఇంటాయన కూడా నవ్వినాడు.

"ఏడుస్తాంటే ఎందుకు నవ్వుతాండారు?" అని గొణిగితి.

"గమ్మునుండు" అన్నాడు.

కొంగుతో కండ్లు తుడుచుకుంటి. ఆపైన నాటకం చూడలేదు, మా ఇంటాయన్నే చూస్తి. ఆయన చూపు స్టేజి మీద లేనేలేదు. ముందర కూర్చున్న పెద్దాఫీసరు మెడ మీదుండాది. ఆ భుజాలు కదిలితే ఈయన నవ్వుతాడు. ఆ చేతులు లేస్తే ఈయన చప్పట్లు కొడతాడు.

అయిపోయినాక ఆఫీసరు భార్య దగ్గరికొచ్చి నవ్వుతా ఏదో అడిగింది. నవ్వి ఊరుకోవల్ల గదా, నోరు జారి 'లవ్లీ పర్ఫార్మెన్స్' అంటి. ఆ పాడు మాట అప్పుడే చక్కగా పలకల్నా? ఆమె నా చెయ్యి పట్టుకొని మురిసిపోయింది. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు నా మీదనే అసహ్యమేసింది.

స్టేషన్లో హిందూపురం రైలుకు కాచుకొని కూర్చున్నప్పుడు అడిగితి.

"ఆమె ఎందుకేడ్చింది?"

ఆయన జేబులో టిక్కెట్లు వెతుక్కున్నాడు. మళ్ళీ అడిగితి.

"నాకేం తెలుసే?"

"మరి నవ్వితిరి గదా?"

"సార్ నవ్వినాడు, నవ్వితి. కాగితం మీదైతే నిదానంగా చదువుకుంటా. వాళ్ళు అంత బిరబిరా మాట్లాడితే నాకేం తెలుస్తాది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన తెలీక నవ్విన నవ్వు చూసి, ఏడ్చింది నాదే తప్పనుకొని నా కండ్లు తుడుచుకుంటిని. ఆమె నిజంగానే ఏడ్చిందేమో, ఎవురికి తెలుసు?

"తెరల పేర్లు, కుర్చీల పేర్లు నాకొద్దు. ఆమె ఏం చెప్పుకొని ఏడ్చిందో ఆ మాటలు నేర్పించండి."

"అవి నాకూ రావే" అన్నాడు, నేల చూస్తా.

ఆ మాటతో నా కోపం తగ్గింటే బాగుండు. తగ్గలా, ఇంకా పెరిగింది. అంతవరకూ, అన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండారు, తిట్టినా కొట్టినా ఎప్పటికన్నా చెప్తాడు అనుకుంటాంటి. ఇంక ఎవుర్ని అడగల్ల?