పత్తి లారీ పక్కన అప్రెంటిస్

నరసరావుపేటలో బీకాం చదువుతూ చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో అప్రెంటిస్‌గా చేరాను. పత్తి కొనుగోలు, అమ్మకం, లెక్కలు నేర్పాలన్న ఒప్పందం మీద మిల్లు యజమాని, నేను, కాలేజీవాళ్లు సంతకాలు చేశాం. నెల తిరిగినా ఆయన నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి బిల్లులే కొట్టించాడు. ఆడపిల్లకు అదే మర్యాద అనుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకరోజు లేచి, పత్తి లారీ దగ్గర ఒక రైతుతో బేరమాడుతున్న ఆయన పక్కన నిలబడ్డాను.

“ఎండలో నీకేందమ్మా పని? లోపల కూర్చో.”

“కొనుగోలు నేర్పాలని ఒప్పందంలో ఉంది బాబాయ్.”

“అయ్యన్నీ ఎవరు చదివారమ్మా?”

“నేను చదివాను. చదివే సంతకం పెట్టాను.”

ఆయన లారీలోంచి గుప్పెడు పత్తి లాగి నా చేతిలో పెట్టాడు.

“పింజ లాగి, పోగు పొడవెంతో చూడు. ఈ రైతుకు ధర నువ్వే చెప్పు.”

చున్నీ నడుముకు బిగించి, పింజ లాగాను.