మావయ్య బోటూ, నా బీఎస్సీ

మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక కిళ్ళీ బుగ్గన పెట్టుకుని ఎవరో ఒకరు మొదలెడతారు: "మన అమ్మడు ఫిజిక్సు చదివి వాళ్ళ మావయ్య బోటు తగలబెట్టేసిందిట." శుద్ధ అబద్ధం. బోటు తగలబడలేదు. బ్యాటరీ పేలలేదు. ఏట్లో పడింది మావయ్య ఎడమకాలి చెప్పు ఒక్కటే. అసలు జరిగింది ఇంతకంటే ఘోరం, అందుకే నేనే చెప్పదలుచుకున్నాను. నన్ను వెక్కిరించే హక్కు ముందు నాది, ఆ తరవాతే మా పెదనాన్నగారి కోడళ్ళది.

తొంభైల నడిమి మాట. అమలాపురంలో బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఓడలరేవు దగ్గర మావయ్యగారింట్లో దసరాకి దిగాను. అప్పట్లో నా తెలివి వరద గోదారిలా ఉండేది. గట్టు ఎక్కడో దానికే తెలీదు.

మావయ్య కొబ్బరితోట కౌలుకిచ్చేసి మోటారు బోటు కొన్నాడు. దసరా వెళ్ళిన నాలుగోనాటి పొద్దున్న చమురు కంపెనీ ఇంజనీరుగారొచ్చి బోటు చూస్తారు. నచ్చితే వాళ్ళ మనుషుల్ని రోజూ ఏరు దాటించే పని మావయ్యది. నచ్చకపోతే అవతలి రేవు బోటువాడిది, మావయ్య బోటు అమ్ముకోవలసిందే. అంచేత ఆయన ఆ వారమంతా కూర్చుని అన్నం తినలేదు. కంచం చేత్తో పట్టుకుని వరండాలో పచార్లు చేస్తూ తిన్నాడు.

దసరానాడు ఇంజనుకి పూజ. అత్త పసుపు గిన్నె నా చేతికిచ్చి, "బ్యాటరీక్కూడా కాస్త రాసి బొట్టు పెట్టవే" అంది. మీరైతే ఏం చేస్తారు? డబ్బా మీద ఇంత రాసి వచ్చేస్తారు. నేను బీఎస్సీనాయె. ఏటిగాలికి రాలిపోకుండా పసుపుని కొబ్బరినూనెలో ముద్దగా కలిపాను. పైన రాస్తే నీళ్ళు పడి చెరిగిపోతుందని, బోటు నడిపే సూరిబాబు చేత వైర్ల క్లిప్పులు రెండూ ఊడదీయించి, లోపలి టెర్మినళ్ళకి పెళ్ళికూతురి పాదాలకి పట్టించినట్టు పట్టించాను.

"అమ్మాయిగారూ, ఇక్కడ పసుపు..." అని నసిగాడు సూరిబాబు.

"ఏం, బ్యాటరీకి పసుపు పడదా?"

"ఆయ్" అని మా కోనసీమ అవును ఒకటి పడేసి, క్లిప్పులు మళ్ళీ బిగించేశాడు.

సాయంత్రం సెల్ఫు కొడితే ఇంజను టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ కొడితే ఆ టిక్కు కూడా చిన్నదైంది. మావయ్య మొహం మాడిపోయింది. బోటులో బల్బు మాత్రం వెలుగుతోంది.

"బల్బు వెలుగుతోందంటే వైర్లు బాగున్నట్టే. బ్యాటరీలో ఛార్జి లేదు" అని తీర్పు చెప్పాను. బల్బుకి కావలసింది చెంచాడు కరెంటనీ, ఇంజను లేవాలంటే బిందెడు కావాలనీ నేనూ చదివాను. పరీక్ష రాసేసి మర్చిపోయాను.

మర్నాడు ఆ బరువుని చంటిపిల్లాడిలా బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని అమలాపురం తీసుకెళ్ళాను. ఛార్జింగు షాపాయన దాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, "పూజ బాగా చేసేరండి" అన్నాడు. ఆ మాటని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను. రాత్రంతా ఛార్జింగు పెట్టి, "రాయిలా ఉందండి బ్యాటరీ, ఏ దోషం లేదు" అని మర్నాడు అప్పజెప్పాడు.

ఇంటికి తేగానే అత్త, "ఊరూ వాడా తిరిగొచ్చింది. మళ్ళీ పసుపు రాయవే" అంది. రాశాను. పని పెద్దది కనుక ఈసారి ఇంకొంచెం దట్టంగా.

సెల్ఫు కొట్టాం. టిక్కు.

నలుగురు కలిసి హ్యాండిల్ తిప్పితే ఇంజను లేచింది గానీ, డైనమో నుంచి బ్యాటరీకి ఛార్జి ఎక్కడం లేదని చెప్పే ఎర్రదీపం ఆరలేదు.

"ఇంకేం, డైనమో పోయింది. విప్పు సూరిబాబూ."

"మొన్నటిదాకా బాగానే ఉందండి డైనమో."

"ఫిజిక్సు చదివింది నువ్వా, నేనా?"

"మీరేనండి."

విప్పాడు. రేవులో గోనెసంచి పరిచి మరుసటి రోజంతా దాన్ని ముక్కముక్కగా ఆరబెట్టాం. మావయ్య చుట్టూ తిరుగుతుంటే తలెత్తకుండా చెప్పాను. "కరెంటుకి ఎవరో అడ్డుపడుతున్నారు మావయ్యా."

"ఎవరే వాళ్ళు?"

"రేపటికల్లా పట్టుకుంటాగా."

డైనమో మళ్ళీ బిగించాం. నాలుగోనాడు ఎనిమిదింటికి ఇంజనీరుగారు బోటెక్కారు. అవతలి రేవు బోటువాడు ఊరికే పొగలు వదులుకుంటూ మా ముందునుంచి రెండుసార్లు వెళ్ళాడు. సూరిబాబు సెల్ఫు కొట్టాడు. టిక్కు.

"హ్యాండిల్ తిప్పితే లేచిపోద్దండి" అన్నాడు మావయ్య, చెమట తుడుచుకుంటూ.

"ఏటి మధ్యలో ఆగిపోతే హ్యాండిల్ తిప్పడానికి నలుగుర్నెక్కడ తెస్తారండీ?" అని ఇంజనీరుగారు వంగి బ్యాటరీ డబ్బా మూత తీశారు. క్లిప్పు సందుల్లోంచి పసుపు ముద్ద ఆయన్ని తొంగిచూసింది.

"ఇది ఎవరు రాసేరు?"

మావయ్య అత్తని చూశాడు. అత్త నన్ను చూసింది. నేను ఏటిని చూశాను.

"తుడిచెయ్ సూరిబాబూ" అన్నాడు మావయ్య.

"పూజ పసుపు నేను ముట్టనండి. రాసినోళ్ళే తీయాలండి."

సూరిబాబు క్లిప్పులు ఊడదీశాడు. అందరూ చూస్తుండగా నేను మోకాళ్ళ మీద కూర్చుని, తల్లోంచి పిన్ను తీసి గీకి, కొత్త వోణీ చెంగుతో తుడిచి, బీఎస్సీ అంతా ఆ చెంగుకి అంటించుకుని లేచాను. క్లిప్పులు బిగించి సెల్ఫు కొడితే, ఒక్క దెబ్బకి ఇంజను గుడగుడమంది. మావయ్య గెంతిన గెంతుకి ఎడమకాలి చెప్పు ఏట్లో పడింది.

ఇంజనీరుగారు నన్ను కాసేపు చూసి, "ఏం చదివింది మీ అమ్మాయి?" అన్నారు.

మావయ్య ఛాతీ విరుచుకుని, "మా మేనకోడలండి. బీఎస్సీ ఫిజిక్సండి. ఫస్టు క్లాసండి" అన్నాడు.

"అలాగా" అన్నారాయన. ఏరు దాటి తిరిగొచ్చాక బోటు ఖాయం చేస్తూ ఒకే ఒక్క షరతు పెట్టారు. పని నడిచినన్నాళ్ళూ ఈ ఫస్టు క్లాసు బోటెక్కకూడదు.

ఆనాడే, పసుపంటిన వోణీతో, పారే ఏటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. కరెంటున్న చోట పసుపు రాయను, పసుపున్న చోట ఫిజిక్సు చెప్పను. ఇప్పటికీ మా ఇంట్లో కారు పూజంటే బానెట్ మీద ఒక్క బొట్టు, అదీ మా ఆయన పెడతారు.

మొన్నామధ్య రేవులో సూరిబాబు కనిపించాడు. జుట్టు నెరిసింది, వినయం మాత్రం నెరవలేదు.

"నీకు మొదటిరోజే తెలుసు కదా?" అని నిలదీశాను.

"ఆయ్."

"మరి నాలుగు రోజులు నోరెందుకు మెదపలేదు? పసుపుకి భయపడ్డావా, నా బీఎస్సీకా? లేక నేనెంత దూరం పోతానో చూద్దామనా?"

"ఆయ్" అని నవ్వి, బోటు తోసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతకీ ఆ మూడింట్లో దేనికండీ ఆ "ఆయ్"?