గ్రైండరు సబ్‌స్టేషన్‌కు వస్తోంది

నాయకుడి ఇంటి పెళ్లిపందిట్లో దీపాలు మసకబారకూడదని సబ్‌స్టేషన్ వాళ్లు ఈ రాత్రి మా వీధికి కరెంటు తీసేశారు. వెలుగు వాళ్లకూ, చీకటి మాకూనా?

ఎదురింటి లక్షుమ్మత్తది దోసెల బండి. నానబెట్టిన బియ్యం, మినప్పప్పు గ్రైండరులో అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు రుబ్బకపోతే రేపు బండి లేదు. నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను.

"పెండ్లి అయిపోనీప్పా, ఒక్క రాత్రికి ఏమైతాది?" అన్నాడు ఆపరేటరు.

అత్త ఫోన్ లాక్కుంది. "డ్యూటీ దిగి పొద్దున్నే నా బండికాడ కారం దోసె తినిపోయేది నువ్వే గదప్పా! రేపేం తింటావు, కరెంటు తీగ నములుతావా?"

పెట్టేశాడు.

సబ్‌స్టేషన్‌లో మాత్రం కరెంటు ఉంది. గ్రైండరును ఆటో ఎక్కించాం, అక్కడే రుబ్బుతాం. చీకట్లో కూర్చుని తిట్టుకుంటున్న వాళ్లంతా తొమ్మిదింటికి గేటు దగ్గరికి రండి. గ్రైండరు బరువుంది, దించడానికి చేతులు కావాలి.