ఫిట్ పోశన్న

పోశన్నకు మెడికల్ టెస్టులు కొట్టిన పిండి. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఖతార్ వచ్చి స్కాఫోల్డింగ్ కట్టే ఈ మనిషి ఎన్ని గట్టెక్కాడో లెక్కలేదు. సూత్రం ఒక్కటే. డాక్టర్ ఏమడిగినా నవ్వుతూ "మాఫీ ముష్కిల్", అంటే అరబ్బీలో ఏ ఇబ్బందీ లేదు, అనాలి. నొప్పి అన్నావా, అన్‌ఫిట్ అని విమానం ఎక్కించేస్తారు. బిర్కత్ అల్ అవామిర్ కార్మికుల క్యాంపుకు వచ్చే కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేదీ ఆయనే.

నిరుడు రక్తంలో క్యాన్సర్ బయటపడింది. పాత మనిషని కంపెనీ స్టోరులో తేలిక డ్యూటీ ఇచ్చింది, అదీ చేయలేనంటే ఇంటికే. ఆసుపత్రి మాత్రలు రోగాన్ని పట్టి ఉంచాయి గానీ, మింగిన గంటకే తిన్నదంతా బయటికి వచ్చేది, ఎముకలు పీకేవి. ఆ మాట డాక్టర్‌కు చెబుతాడా? చెప్పడు. చాటుగా రెండుసార్లు మాత్రలు మానేశాడు. మానేస్తే రోగం తిరగబడుతుందని భయం, మింగితే నరకం. అలాంటి సమయంలో ఒక కొత్త మందు ట్రయల్‌కు అతన్ని పరీక్షిస్తామని కబురొచ్చింది. పోశన్నకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. డాక్టర్ హిందీలో అడిగిన పద్దెనిమిది ప్రశ్నలకూ ఒకటే జవాబు. వాంతులు? మాఫీ. నొప్పులు? మాఫీ. అడక్కుండానే నాలుగు బస్కీలు కూడా తీసి చూపించాడు. డాక్టర్ కాగితం పక్కన పెట్టేశాడు.

సంగతి చెప్పడానికి నర్సు కృష్ణకుమారి వచ్చింది. భీమవరం మనిషి.

"మిమ్మల్ని తీసుకోలేదండి. పాత మాత్రలు పడనివాళ్లకే ఈ మందు. మీకు చక్కగా పడుతున్నాయన్నారంట కదా."

పోశన్న ముఖం పాలిపోయింది. "ఏడ పడుతున్నయి సిస్టరమ్మా? కడుపుల మెతుకు నిలుస్తలేదు."

"మరి లేదని ఎందుకు చెప్పారండీ?"

"ఉన్నదంటే ఇంటికి తోలుతరు గద."

కృష్ణకుమారికి నవ్వొచ్చింది, ఆపుకుని దగ్గరికి జరిగింది. "అరవై మంది చేరారండి ఇప్పటికి. అంతా ఆఫీసులవాళ్లే. క్యాంపుల నుంచి ఒక్కరూ లేరు. మీరే చేరకపోతే, ఎండలో పనిచేసిన ఒంటికి ఈ మందు పడుతుందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ చెప్పింది కంపెనీకి వెళ్లదు. నాది పూచీ."

ఆమె అతన్ని మళ్లీ డాక్టర్ ముందు కూర్చోబెట్టి, మొదటి ప్రశ్న నుంచి తెలుగులో అడిగింది. "నొప్పులున్నాయాండీ?"

పోశన్న తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఉన్నయి చెల్లె."

మోకాళ్లతో మొదలుపెట్టాడు. నడుముకు వచ్చాడు. వాంతుల లెక్క, మానేసిన మాత్రల సంగతి, అన్నీ చెప్పాడు, ఆమె డాక్టర్‌కు హిందీలో చెప్పింది. డాక్టర్ రిపోర్టులు తిరగేసి, తీసుకుంటున్నామని చెయ్యి కలిపాడు. అయినా పోశన్న ఆగలేదు. మూడో అంతస్తు నుంచి పడ్డప్పటి భుజం నొప్పి దగ్గర ఉన్నాడింకా. పదకొండేళ్లలో ఆ దేశంలో నొప్పి గురించి అతన్ని తెలుగులో అడిగిన మనిషి ఆమె ఒక్కతే.