బావి కొలిచిన బారలు

పులివెందుల దగ్గర మా చేనిలో చీనీ, అంటే బత్తాయి, మొక్కలు నాటాక వచ్చిన రెండో ఎండాకాలం అది. నడివయసు దాటాక వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఏడాదే. మా బావిలో నీళ్లు తగ్గిపోతున్నాయి. పక్క చేను మా మరిదిది. అతను కొత్తగా ఆయిలింజను పెట్టాడు. అదే మా నీళ్లు లాగేస్తోందని నా అనుమానం. నిజమైతే దాన్ని ఆపించాలి. కాకపోతే మొక్కలు చావకముందే మా బావి ఇంకా లోతు తవ్వించాలి.

రోజూ మధ్యాహ్నం బావిలోకి తాడు వదిలి, నీళ్లు తగిలేదాకా ఎన్ని బారలు పట్టిందో నోటుబుక్కులో రాశాను. పక్కనే ఇంజను ఆడిందో లేదో రాశాను. నెల తిరిగేసరికి నా అనుమానమే నిజమనిపించింది. ఇంజను ఆడిన ప్రతిరోజూ నీళ్లు అర బార కిందికి ఉన్నాయి.

బుక్కు పట్టుకుని మరిది చేనికి పోయాను.

"అబ్బీ, నీ ఇంజను నా నోట్లో మన్ను కొడతాండాది. ఇదో, రాసిపెట్టినా."

అతను పుటలు తిప్పాడు. "నాలుగు అచ్చరాలు వచ్చేసరికి నా మీదే కేసు రాసినావా వదినా! కొలిచిందెవురు?"

"ఇంట్లో ఎవురుంటే వాళ్లం. కోడలుంటే కోడలు, లేకుంటే నేను."

"ఇంజను ఆడేనాడు నీ కోడలు నా చేన్లో నీళ్లు మళ్లించను మడవ కడతాంటాది గదా. ఆ పొద్దు కొలిచేది నువ్వే."

అక్కడే మడవ కడుతున్న కోడలు పార పక్కన పెట్టి వచ్చింది. "చేతులు సాపు అత్తా" అని నా పక్కన నిలబడి తనూ చాపింది. ఆమె బార నా బార కంటే జానెడు ఎక్కువ. నా పొట్టి చేతులతో కొలిస్తే అదే బావి లోతు ఎక్కువ పలికింది.

"ముందే చెప్పొచ్చు గదే!"

"నువ్వడిగితివా? కొలవమంటివి, కొలిస్తి."

తాడుకు మూరమూరకూ గుడ్డపీలిక కట్టి మళ్లీ మొదలుపెట్టాను. పదిహేను రోజులు చూశాను. ఇంజను ఆడినా ఆడకపోయినా నీళ్లు ఒకే తీరున దిగుతున్నాయి. బావే ఎండుతోంది. తీరా మనుషుల కోసం పోతే బావులు తవ్వేవాళ్లందరూ వేరే ఊళ్లలో పనులు ఒప్పుకుని ఉన్నారు. వాళ్లు వచ్చేలోపు కడవలతో నీళ్లు పోసి కొన్ని మొక్కల్ని నిలబెట్టుకున్నాం. పడమటి వరస మొత్తం ఎండిపోయింది.

ఆ బుక్కు ఇంకా ఉంది. మొదటి నెల పుటలు చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బారలు రాశాను, ఇంజను రాశాను. ఎవరు కొలిచారో ఒక్కచోటా రాయలేదు.